రక్తం ఇచ్చిన చెయ్యి, తగ్గని మంట: మోచేతి దగ్గర చర్మనాడి దెబ్బతిన్న ఒక కేసు

పేషెంటు 36 ఏళ్ల మహిళ, మగ్గం వర్క్ చేస్తారు. కుడిచేతి వాటం. కుడి మోచేతి మడత దగ్గర మొదలై బొటనవేలి వైపుగా మణికట్టు దాకా మంట, తిమ్మిరి అంటూ మా న్యూరాలజీ ఓపీకి వచ్చారు. అప్పటికి 4 వారాలైంది. మెడకు కాలర్, చేతిలో మెడ ఎక్స్‌రే, రెండు ప్రిస్క్రిప్షన్లు. "మెడ అరిగిందన్నారండి. కాలర్ పెట్టుకున్నా, మందులు వాడినా ఏం తేడా లేదు" అన్నారు.

ఎప్పుడు మొదలైందమ్మా అని అడిగితే తేదీ చెప్పారు, టైము కూడా చెప్పారు. ఆ రోజు పొద్దున ఏడున్నరకి ల్యాబ్‌లో రక్తం ఇస్తుండగా మొదలైంది. మెడ అరుగుదల వల్ల వచ్చే నొప్పికి ఇలా గంటా నిమిషంతో పుట్టిన సమయం ఉండదు. నిజానికి ఈ మాట ఆమె అంతకుముందు చూపించుకున్న ఇద్దరికీ చెప్పారు. రెండు ప్రిస్క్రిప్షన్లలోనూ ఆ సంగతి లేదు.

ఆమె అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. మనం వాడుకలో అన్నిటినీ నరాలే అంటాం కాబట్టి, ఇక్కడ రక్తం ప్రవహించేదాన్ని సిర అనీ, స్పర్శను మోసేదాన్ని నాడి అనీ రాస్తాను.

ఆ రోజు ఏం జరిగింది

కొన్ని నెలలుగా నీరసం, జుట్టు రాలడం. ఇంటి దగ్గరి డాక్టరు సీబీపీ, థైరాయిడ్, ఫాస్టింగ్ షుగర్ రాశారు. ల్యాబ్‌లో ముందు ఎడమచేతికి గుచ్చారు. రక్తం రాలేదు. కుడిచేతికి రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో బయటివైపు, అంటే బొటనవేలి వైపు, పైకి నీలంగా కనిపిస్తున్న సిరకు గుచ్చారు. సూది లోపలికి వెళ్లింది, ట్యూబులోకి రక్తం రాలేదు. టెక్నీషియన్ సూదిని బయటికి తీయకుండానే కొన అటూ ఇటూ తిప్పి సిర కోసం వెతికాడు.

"అప్పుడండీ, ఇక్కడ మొదలై ఇక్కడిదాకా ఝుమ్మని కరెంటు కొట్టినట్టు పాకింది" అంటూ ఎడమచేతి వేలితో కుడి ముంజేతి మీద గీత గీసి చూపించారు. ఆ వేలు మోచేతి మడత నుంచి బొటనవేలి మొదలు దాకా తిన్నగా వెళ్లి అక్కడే ఆగింది, బొటనవేలి మీదికి ఎక్కలేదు. ఏ ఎంఆర్ఐ కన్నా ముందు రోగనిర్ధారణ చేసింది ఆ గీతే.

"తీసెయ్ బాబూ, కరెంటు కొడుతోంది" అని ఆమె అరిచారు. "ఒక్క నిమిషం అక్కా, కదలకు, వచ్చేస్తోంది" అన్నాడు ఆ అబ్బాయి. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే షాక్. ఆ తర్వాత రక్తం వచ్చింది, ట్యూబులు నిండాయి, దూది పెట్టి పంపించాడు. వాపు లేదు, కమిలిన మచ్చ కూడా లేదు. సాయంత్రానికి చీమలు పాకినట్టు మొదలై, మర్నాటికి మంటగా మారింది. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఐస్ పెట్టుకోమన్నారు. ఊళ్లో ఒక ఇంజెక్షన్ చేశారు, ఇంకో చోట మెడ ఎక్స్‌రే తీశారు.

నా దగ్గరికి వచ్చేసరికి ఆమెను ఎక్కువ బాధపెడుతున్నది ఉండుండి వచ్చే నొప్పి కాదు, ఏదైనా తగిలితే పుట్టే మంట. జాకెట్టు చెయ్యి రాసుకున్నా మంటే, ఫ్యాను గాలి తగిలినా మంటే. కుడిచేతికి గాజులు తీసేశారు. ఒక చేతికే గాజులుండటం చూసి చుట్టాలు ఆరా తీస్తుంటే జవాబు చెప్పలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. పని పూర్తిగా ఆగిపోయింది. మగ్గం వర్క్‌లో ఎడమచెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంటే కుడిచెయ్యి పైన సూదితో ఆ దారాన్ని లాగుతుంది. గంటల తరబడి కుడి ముంజెయ్యి బిగించిన గుడ్డకో, చట్రం కర్రకో ఆనే ఉంటుంది. శ్రావణ మాసం ఆర్డర్లు వెనక్కి ఇచ్చేశారు.

పరీక్షలో కనిపించినవి

సూది గుచ్చిన ఆనవాలు లేదు. ఎర్రదనం లేదు, సిర గట్టిపడలేదు. స్పర్శ పరీక్షకు దూది, గుండుపిన్ను చాలు. ఆరోగ్యంగా ఉన్న చర్మం నుంచి మొదలుపెట్టి మంట ఉన్న వైపుకు వెళుతూ, తేడా తెలిసిన ప్రతి చోటా బాల్‌పెన్నుతో చుక్క పెట్టాను. చుక్కలన్నీ కలిపితే మోచేతి మడత బయటి సగం నుంచి మణికట్టు దాకా మూడు వేళ్ల వెడల్పున ఒక పట్టీ వచ్చింది. దాని లోపల పిన్ను మొద్దుగా తెలుస్తోంది, కానీ దూదితో నిమిరితే భగ్గుమంటోంది. మొద్దుబారిన చోటే మంట పుట్టడం పేషెంటుకు వింతగా అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లకు నటనలా కనిపిస్తుంది. నాడి దెబ్బతింటే ఈ రెండూ ఒకేచోట ఉండటం మామూలే. ఆమె భర్తను పక్కన నిలబెట్టి ఆ పట్టీ చూపించాను.

బొటనవేలు, చూపుడువేలు, అరచెయ్యి మామూలుగానే ఉన్నాయి. మోచెయ్యి మడవడం, మణికట్టు ఎత్తడం, బొటనవేలు చిటికెనవేలిని తాకడం, అన్ని కండరాల బలమూ పూర్తిగా ఉంది. రిఫ్లెక్సులు రెండు చేతుల్లోనూ సమానం. మెడ ఎటు తిప్పినా, తల మీద నొక్కినా చేతి మంట పెరగలేదు. మోచేతి ముందు తాడులా తగిలే బైసెప్స్ స్నాయువుకు కాస్త బయటగా, సరిగ్గా సూది గుచ్చారని ఆమె చూపించిన చోట వేలితో తడితే ముంజెయ్యంతా ఝుమ్మంది. దీన్ని టినెల్ గుర్తు అంటాం. నాడీ సంబంధమైన నొప్పిని గుర్తుపట్టడానికి వాడే డీఎన్4 ప్రశ్నావళిలో 10కి 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానించాలి. ఆమెకు 7 వచ్చింది.

ఇంకొకటి జాగ్రత్తగా చూశాను. రెండు చేతుల చర్మం రంగు, వేడి, చెమట, వాపు, గోళ్లు, వెంట్రుకలు. నాడి గాయం తర్వాత కొద్దిమందిలో నొప్పి ఆ నాడి పరిధి దాటి చెయ్యంతా అల్లుకుంటుంది. చెయ్యి వాచి, రంగు మారి, బిగుసుకుపోతుంది. దాన్ని కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ రెండో రకం అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలిన సైనికులను చూసిన సైలస్ వైర్ మిచెల్ ఈ మంటకు కాసాల్జియా అని పేరు పెట్టాడు. తూటా అక్కర్లేదు, రక్తం తీసే సూదితో కూడా అరుదుగా రావచ్చు. ఈమెకు ఆ లక్షణాలేవీ లేవు. అయితే భయంతో మోచెయ్యి పూర్తిగా చాపడం మానేశారు, అదొక్కటే నాకు టెన్షన్ కలిగించింది. కదపని చెయ్యి ఆ దారిలోకి వెళ్లే ప్రమాదం ఎక్కువ.

ఏ నాడి, ఎందుకని

ముంజేతి బయటివైపు చర్మానికి స్పర్శ ఇచ్చేది లేటరల్ యాంటీబ్రాకియల్ క్యుటేనియస్ నెర్వ్. బయటి చర్మనాడి అందాం. ఇది మస్క్యులోక్యుటేనియస్ నాడి చివరి భాగం. ఆ నాడి బైసెప్స్ లాంటి కండరాలకు ఇవ్వాల్సిన కొమ్మలన్నీ పై చేతిలోనే ఇచ్చేసి, మోచేతి దగ్గర బైసెప్స్ స్నాయువు పక్కనుంచి బయటికి వచ్చేసరికి స్పర్శ మాత్రమే మిగులుతుంది. అందుకే అక్కడ దెబ్బతింటే మంట, తిమ్మిరి ఉంటాయి తప్ప బలం తగ్గదు. ఆ చోట సెఫాలిక్ సిర దాన్ని ఆనుకునే వెళుతుంది. టెక్నీషియన్ గుచ్చింది ఆ సిరకే.

మెడలో ఆరో నాడి నొక్కుకుంటే తిమ్మిరి బొటనవేలి, చూపుడువేలి కొసల దాకా వెళుతుంది, బైసెప్స్ రిఫ్లెక్స్ తగ్గుతుంది, మెడ కదిలిస్తే బాధ పెరుగుతుంది. ఆమె గీసిన గీత బొటనవేలి మొదట్లోనే ఆగిపోవడం ఇక్కడ పనికొచ్చింది. పైగా ఆ వయసుకు మెడ ఎక్స్‌రేలో కాస్త అరుగుదల కనిపించడం పెద్ద విశేషం కాదు. అది కనిపించింది కాబట్టి నొప్పికి అదే కారణం అనడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. కార్పల్ టన్నెల్, అంటే మణికట్టు దగ్గర మీడియన్ నాడి నొక్కుకోవడం అయితే అరచేతి వైపు మొదటి మూడు వేళ్లు తిమ్మిరెక్కి రాత్రిళ్లు నిద్రలేపుతాయి. మోచేతి దగ్గరే మీడియన్ నాడికి సూది తగిలి ఉంటే అరచేతి వేళ్లకు తిమ్మిరి రావాలి, బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టడంలో తడబాటు ఉండాలి. ఇవేవీ లేవు.

మోచేతి మడతలో నాడి తగలనే తగలని చోటు అంటూ లేదు. బయటివైపు సెఫాలిక్ సిర పక్కన ఈ చర్మనాడి ఉంది. లోపలివైపు బేసిలిక్ సిర చుట్టూ మరో చర్మనాడి కొమ్మలు అల్లుకుని ఉంటాయి, వాటి లోతున బ్రాకియల్ ధమని, మీడియన్ నాడి. మధ్యలో ఏటవాలుగా వెళ్లే మీడియన్ క్యూబిటల్ సిర కింద బైసెప్స్ నుంచి వచ్చే గట్టి పొర ఒకటి అడ్డుగా ఉండి లోపలి ధమనినీ పెద్ద నాడినీ కాపాడుతుంది, అందుకే రక్తం తీయడానికి అదే మొదటి ఎంపిక. కానీ దాని మీదుగా కూడా సన్నని చర్మనాడి కొమ్మలు కొందరికి పైనుంచి, కొందరికి కిందనుంచి పోతాయి. ఇవి కంటికి కనిపించవు, వేలికి తగలవు, మనిషికీ మనిషికీ మారతాయి. ఒకే మనిషిలో కుడికీ ఎడమకూ మారతాయి.

కాబట్టి ఎంత అనుభవం ఉన్న చేతికైనా ఎప్పుడో ఒకసారి సూది నాడికి తగులుతుంది. తగలడమే తప్పని నేను అనను. ఈ కేసులో నన్ను బాధించింది తగిలిన తర్వాత జరిగింది. మొదటి షాక్‌కే సూది తీసేసి ఉంటే ఆమెకు రెండు మూడు రోజుల తిమ్మిరితో పోయేదని నా అంచనా. షాక్ కొట్టిందంటే సూది కొన నాడిని తాకుతూ ఉందని అర్థం. ఆ కొన ఏటవాలుగా కోసిన పదునైన అంచు. దాన్ని అక్కడే ఉంచి పక్కలకు తిప్పితే తాకిన నాడి కోసుకుపోతుంది.

నిర్ధారణ పరీక్షలు

నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశాం. చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి నాడి దాన్ని ఎలా మోస్తోందో కొలిచే పరీక్ష. ఎడమచేతి బయటి చర్మనాడి స్పందన 17 మైక్రోవోల్టులు, కుడిచేతిది 6. మీడియన్, అల్నార్, రేడియల్ నాడులు రెండువైపులా మామూలుగానే ఉన్నాయి. నాడి పూర్తిగా తెగలేదు, కానీ అందులోని తంతువులు చాలా భాగం దెబ్బతిన్నాయి. ఒంటరిగా 6 అనే అంకె పెద్దగా ఏమీ చెప్పదు, ఈ నాడికి రెండు చేతులూ కొలిచి పోల్చాల్సిందే. ఈ నాడి మామూలు ప్యాకేజీలో ఉండదు కూడా, రాసేవాళ్లు పేరు పెట్టి అడగాలి. లేకపోతే "చేతి నాడులన్నీ నార్మల్" అనే రిపోర్టుతో పేషెంటు ఇంటికి వెళుతుంది.

టైమింగ్ కూడా ముఖ్యమే. నాడి తంతువు తెగిన మొదటి వారంలో తెగిన చోటికి అవతలి ముక్క ఇంకా కరెంటు మోస్తూనే ఉంటుంది. స్పర్శ నాడుల్లో అది పూర్తిగా నశించడానికి దాదాపు 10 రోజులు పడుతుంది. మూడో రోజునే పరీక్ష చేయించి, నార్మల్ వచ్చింది కాబట్టి ఏమీ లేదని చెప్పడం పేషెంటుకు అన్యాయం. ఈమె 4 వారాలకు రావడం ఆ విధంగా మేలే చేసింది. కండరంలోకి సూది గుచ్చి చేసే ఈఎంజీ మాత్రం వద్దనుకున్నాను. కండరాల బలం అంతా బాగానే ఉంది, దానివల్ల కొత్తగా తెలిసేది లేదు. సూది పేరెత్తితేనే ఆమెకు చెమటలు పడుతున్నాయి.

అల్ట్రాసౌండ్‌లో అధిక ఫ్రీక్వెన్సీ ప్రోబ్‌తో చూస్తే, సెఫాలిక్ సిర పక్కన కొంచెం లోతుగా ఆ నాడి సుమారు సెంటీమీటరు పొడవున ఉబ్బి కనిపించింది. నాడి తెగిపోలేదు. రక్తం గడ్డకట్టి నొక్కడం, గడ్డలా న్యూరోమా పెరగడం లేవు. ఆ గడ్డలు ఉండి ఉంటే దారి మారేది, సర్జన్‌తో మాట్లాడాల్సి వచ్చేది.

1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ నాడి గాయాలను మూడు మెట్లుగా విభజించాడు: నాడి సొమ్మసిల్లడం, లోపలి తంతువులు తెగినా పై తొడుగు మిగలడం, మొత్తం తెగిపోవడం. మొదటిది రోజుల నుంచి వారాల్లో తగ్గిపోతుంది. మూడోది ఆపరేషన్ లేకుండా బాగుపడటం కష్టం. ఈమెది రెండోది, అది కూడా కొంత భాగమే. తొడుగు నిలిచి ఉంది కాబట్టి తంతువులు దాని వెంట మళ్లీ పెరుగుతాయి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు.

వైద్యం

మందులు రాయడానికి ముందు ఆమె ఎదుటే టేపుతో కొలిచాను. సూది గుచ్చిన చోటు నుంచి మణికట్టు దాకా 23 సెంటీమీటర్లు. రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన ఎనిమిది నెలలకు దగ్గర. "అంటే సంక్రాంతికి కాదు, ఉగాదికి అన్నమాట" అని ఆమే లెక్క వేసుకున్నారు. ఇలా నెలల లెక్క చెబితే పేషెంటు భయపడుతుందని కొందరు డాక్టర్లు "వారంలో తగ్గుతుందమ్మా" అంటారు. వారం తర్వాత ఆ పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి మరో చోటికి తిరుగుతూనే ఉంటుంది. ఈమె గడువు తెలిశాక కుదుటపడటం నేను చూశాను. కాలర్ ఆ రోజే తీసేశారు.

రాత్రిపూట నాడి నొప్పిని తగ్గించే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకు 25కి పెంచాను. నోరు ఎండిపోవడం, పొద్దున కాస్త మత్తు ఉన్నా తట్టుకున్నారు, నిద్ర బాగుపడింది. అది చాలక అలాంటిదే ఇంకో మందు, ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు రాత్రి చేర్చాను. పగటి డోసు ఇవ్వలేదు, ఆమెది సన్నని సూదితో చేసే పని, మత్తుగా ఉంటే వేళ్లకు గుచ్చుకుంటుంది. మంట పట్టీ మీద రాయడానికి లిగ్నోకైన్ 5 శాతం ఆయింట్‌మెంట్. పాత ప్రిస్క్రిప్షన్లలో ఉన్న డైక్లోఫెనాక్ ఆపించాను. అది ఇలాంటి మంటకు పనిచేయదు, కడుపు పాడు చేస్తుంది. మిథైల్‌కోబాలమిన్ మాత్రలు కూడా వాడుతున్నారు. బీ12 లోపం ఉంటే అవి అవసరమే, లేనప్పుడు ఈ గాయాన్ని అవి బాగుచేస్తాయని నేను చెప్పను.

మందుల కన్నా ఎక్కువ మేలు చేసింది ఫిజియోథెరపీ. ఆ చర్మానికి స్పర్శను మళ్లీ అలవాటు చేయించే పద్ధతి ఒకటుంది. మొదట దూదితో, అది తట్టుకున్నాక పాత నూలు చీర ముక్కతో, తర్వాత తువ్వాలుతో, చివరికి గిన్నెలో బియ్యం పోసి అందులో ముంజెయ్యి దూర్చి కదపడం. ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. తట్టుకోగలిగినంత మంట ఉండాలి, ఏడిపించేంత ఉండకూడదు. మోచెయ్యి పూర్తిగా చాపే వ్యాయామం మొదటి రోజు నుంచే. వేడి కాపడాలు, తైలమర్దనలు వద్దన్నాను. మొద్దుబారిన చర్మానికి వేడి ఎంత ఉందో తెలియదు, బొబ్బలెక్కి రావడం ఇదివరకు చూశాను.

మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది

ఇంత గొడవకు కారణమైన ఆ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 11 వచ్చింది, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోంది. షుగర్ నార్మల్. నీరసానికి కారణం దొరికింది, థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలైంది. మాత్ర మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. ఆమె మాత్రం ఇక జన్మలో సూది వేయించుకోనన్నారు. నాడి గాయం కన్నా ఈ నిర్ణయమే ఆమె ఆరోగ్యానికి ఎక్కువ చేటు చేసేది.

మా ఆస్పత్రిలో సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ ఉన్నారు. ఆమెకు జరిగిందంతా ముందే చెప్పాను. పేషెంటును మంచం మీద పడుకోబెట్టి ఎడమచెయ్యి దిండు మీద చాపించారు. "మీరు చెయ్యి కదపకుండా 'తియ్' అనండి చాలు, ఎందుకని అడగను, తీసేస్తాను" అన్నారు. రబ్బరు పట్టీ మోచేతి మడతకు నాలుగు వేళ్ల పైన కట్టారు. చూపుడువేలి కొసతో నొక్కి వదులుతూ మధ్యలో ఉన్న సిరను వెతికారు. పైకి ఏమీ కనిపించడం లేదు, కానీ నొక్కితే మెత్తగా లేచి వస్తోంది. 23 గేజి బటర్‌ఫ్లై సూది (రెక్కలున్న సన్నని సూది) కొనలో ఏటవాలుగా కోసిన వైపును పైకి తిప్పి, చర్మానికి దాదాపు 20 డిగ్రీల వాలులో పెట్టి, రక్తం కనిపించగానే ఆగిపోయారు. పట్టీ వెంటనే వదులు చేశారు. పేషెంటు కళ్లు తెరిచి "అయిపోయిందా?" అన్నారు.

అదే రోజు నేను ఆమె కుడిచెయ్యి కూడా తడిమి చూశాను. మధ్య సిర అక్కడా ఉంది, కంటికి కనిపించదు, వేలికి తగులుతుంది. మొదటి ల్యాబ్‌లో ఆ అబ్బాయి కనిపించే సిరను ఎంచుకున్నాడు. కనిపించే సిర కన్నా వేలికి తగిలే సిర మంచిదని పాత టెక్నీషియన్లు అంటుంటారు. ల్యాబ్‌లకు పద్ధతులు నిర్దేశించే అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ ప్రమాణాలు కూడా రెండు చేతుల్లోనూ మధ్య సిర వెతికాకే బయటి సెఫాలిక్ సిరకు వెళ్లమంటాయి, లోపలి బేసిలిక్ సిరను ఆఖరికి ఉంచమంటాయి.

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లతో

ఆ అబ్బాయిని తిట్టడానికి ఇది రాయలేదు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు ఫాస్టింగ్ వాళ్లంతా ఒకేసారి వస్తారు. పరగడుపున ఉన్నవాళ్లు చిరాకుగా ఉంటారు. అప్పటికే ఒకసారి గుచ్చి రక్తం రాకపోతే "నీకు పని రాదా, పెద్దవాళ్లని పిలువు" అని అరుస్తారు. మూడో పోటు పొడిచానన్న పేరు రాకూడదని, గుచ్చిన సూదినే తిప్పి ఎలాగోలా లాగేయాలని చూస్తారు. పేషెంట్ల తరఫున వచ్చినవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. శుభ్రంగా గుచ్చిన రెండు పోట్లు, కెలికిన ఒక్క పోటు కన్నా ఎంతో నయం.

సూది సిరను దాటి పోయిందనిపిస్తే కొద్దిగా వెనక్కి, చాలలేదనిపిస్తే కొద్దిగా ముందుకు జరపడం వరకు సరే. పక్కలకు తిప్పకూడదు. ఒకరు రెండుసార్లకు మించి ప్రయత్నించకూడదు, తర్వాత ఇంకొకరిని పిలవాలి. వాలు 30 డిగ్రీలు దాటకూడదు, పట్టీ నిమిషానికి మించి ఉండకూడదు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు సిర ఊరిస్తూ కనిపిస్తుంది, దాని పక్కనే రేడియల్ చర్మనాడి ఉంటుంది, అటు వెళ్లకండి.

పేషెంటు నోట "కరెంటు", "షాక్", "ఝుమ్మంది", "వేళ్లలోకి పాకింది", వీటిలో ఏ మాట వచ్చినా పట్టీ వదిలి సూది తీసేయాలి. ట్యూబు సగం నిండి ఉన్నా సరే, రక్తం బాగా వస్తున్నా సరే. ఇక్కడ బేరం లేదు. తీశాక గట్టిగా నొక్కి పట్టుకోవాలి, లోపల రక్తం గూడుకట్టి నాడిని నొక్కితే అది రెండో గాయం. ఏ చెయ్యి, ఏ చోటు, పేషెంటు ఏమన్నారు అన్నది రిజిస్టర్‌లో రాయాలి. మర్నాడు ఫోన్ చేసి అడగాలి. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. ఇది టెక్నీషియన్‌ను కూడా కాపాడుతుంది.

ఇదంతా చదివి రక్తపరీక్షలకు భయపడొద్దు. అమెరికాలో ఒక పెద్ద రక్తదాన కేంద్రం రెండేళ్ల లెక్కలు 1996లో అచ్చయ్యాయి. సుమారు 4,19,000 రక్తదానాల్లో 66 మందికి నాడి గాయం లక్షణాలు వచ్చాయి, అంటే దాదాపు 6,300కి ఒకటి. రక్తదానానికి వాడే సూది 16 గేజి, ల్యాబ్‌లో వాడే 21 నుంచి 23 గేజి సూది కన్నా బాగా లావు (గేజి అంకె తగ్గేకొద్దీ సూది లావు). వాళ్లలోనూ ఎక్కువమందికి నెలలోపే తగ్గిపోయింది, కొద్దిమందికే నెలలు పట్టింది.

ఆ తర్వాత

8 వారాలకు నొప్పి 10కి 8 నుంచి 4కి దిగింది. 3 నెలలకు టినెల్ గుర్తు గుచ్చిన చోటు నుంచి కిందికి జరిగింది. మోచేతి మడతకు 7 సెంటీమీటర్ల దిగువన తడితే ఝుమ్మంటోంది. తంతువులు పెరుగుతూ అక్కడిదాకా వచ్చాయన్నమాట. బాల్‌పెన్నుతో ఆ చోటు గుర్తుపెట్టి చూపిస్తే ఆమెకు మందుల మీద కన్నా దాని మీద నమ్మకం కుదిరింది. ఇంటి దగ్గర తనే తట్టి చూసుకుంటూ నెలకోసారి తేదీ రాసుకున్నారు. 4వ నెలలో రోజుకు రెండు గంటలు మగ్గం ముందు కూర్చోవడం మొదలుపెట్టారు, ముంజేతి కింద మెత్తటి గుడ్డ మడత పెట్టుకుని.

6 నెలలకు నెర్వ్ కండక్షన్ మళ్లీ చేశాం. కుడి చర్మనాడి స్పందన 11 మైక్రోవోల్టులు. ప్రీగాబాలిన్ మెల్లగా తగ్గించి ఆపేశాం, నెల తర్వాత అమిట్రిప్టిలిన్ కూడా. 9 నెలలకు మంట లేదు. మణికట్టుకు కాస్త పైన పది రూపాయల బిళ్లంత మేర మొద్దుతనం మిగిలింది. అది పూర్తిగా పోకపోవచ్చని చెప్పాను. పనికి అడ్డం రావట్లేదన్నారు.

ల్యాబ్ మీద కేసు వేయొచ్చా అని భర్త అడిగారు. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయి. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నేను చూసిందీ కొలిచిందీ తేదీలతో సర్టిఫికెట్ రాసి ఇచ్చాను. నిర్లక్ష్యమా కాదా అన్నది అందులో రాయలేదు, అది తేల్చాల్సింది కమిషన్. నన్ను అడిగితే మాత్రం, సూది తగలడానికీ ఆపమన్నా ఆపకపోవడానికీ చాలా తేడా ఉందనే చెబుతాను. చివరికి ఆమె ఫిర్యాదు చేయలేదు. ఆ సర్టిఫికెట్ జిరాక్స్ తీసి ల్యాబ్ యజమానికి ఇచ్చి, ఆ అబ్బాయికి చదివి వినిపించమని అడిగారు. ఆయన చికిత్స ఖర్చులు ఇస్తానన్నారు, ఆమె టెస్టుల వరకే తీసుకున్నారు.

థైరాయిడ్ ఇప్పుడు అదుపులో ఉంది. తర్వాతి టీఎస్‌హెచ్ ఆరు నెలలకు, ఎడమచేతికే. ఆమె కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో కుడి మోచెయ్యి బయటివైపు సూది వద్దని రాసి, అదే మాట ఒక కార్డు మీద రాసి ఆమెకూ ఇచ్చాను.